గౌలిగూడ షెడ్డు కూలింది, జాగా మిగిలింది

వాన పడితే హైదరాబాద్‌లో గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు కింద పక్కనున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. అంతెత్తున విల్లులా వంగిన ఇనుప రేకుల మీద చినుకులు పడుతుంటే ఆ చప్పుడు లోపలంతా చుట్టేసేది. 1980ల్లో సూర్యాపేట బస్సు దిగి నాయన వెనకాల నడుస్తూ నేను పైకే చూసేవాణ్ణి. ఇనుప పట్టీల మీద వరసగా పావురాలు. కింద డీజిలు వాసన, తడిసిన గోనెసంచుల వాసన, ఉడకేసిన పల్లికాయ వాసన. "పైకి చూసుకుంట నడవకురా, బస్సులొస్తున్నయ్" అని నాయన చెయ్యి పట్టి గుంజేవాడు.

ఆ షెడ్డు 2018 జూలై 5న పొద్దున్నే కుప్పకూలింది. ప్రమాదం ఉందని ముందే బస్సులు ఆపేశారు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

నగర ప్రణాళిక చదువుతున్న మా మేనకోడలు ఈ మధ్య అడిగింది: "మామా, ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ట్రాము షెడ్డులో లైబ్రరీ పెట్టారు. గ్లాస్గోలో నాటకాలు ఆడుతున్నారు. మన గౌలిగూడకు ఆ భాగ్యం ఎందుకు పట్టలేదు?" ఒక్క ముక్కలో చెప్పేద్దామని నోరు తెరిచాను గానీ చెప్పలేకపోయాను. భూమి, చట్టం, ఇనుము, డబ్బు, మనుషులు అన్నీ కలిసి పడిన చిక్కు ఇది. పోగు పోగుగా విడదీస్తే తప్ప తెగదు.

ముందు ట్రాముల సంగతి. హైదరాబాద్ వీధుల్లో ట్రాము తిరగలేదు. కలకత్తాలో 1873లోనే గుర్రాలు లాగే ట్రాము వచ్చింది. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా కరెంటు ట్రాము నడిచింది. మనకు ఆ చోట బస్సు ఉంది. దాన్ని మొదలుపెట్టింది రైల్వే వాళ్లే కావడం ఇక్కడి ప్రత్యేకత. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. తర్వాత 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది, ఇప్పుడు టీజీఎస్ఆర్టీసీ. గౌలిగూడ షెడ్డు పుట్టుక ఇంకా చిత్రం. అమెరికాలో బట్లర్ కంపెనీ తయారుచేసిన విమానాల షెడ్డు అది. దానికి మిసిసిపీ హ్యాంగర్ అని పేరు. విమానాల కోసం వంచిన రేకుల కింద బస్సులు నిలబడ్డాయి. 1994లో మూసీ మధ్యన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కట్టి జిల్లాల బస్సుల్ని అక్కడికి తరలించాక, పాత షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. కొత్తదాన్ని జనం ఇమ్లీబన్ అన్నారు, పాతదాన్ని సీబీఎస్ (సెంట్రల్ బస్ స్టేషన్) అనే పిలుస్తూ వచ్చారు.

ట్రాము షెడ్డయినా బస్సు షెడ్డయినా జనం కూడే చోటుకు ఎందుకంత బాగా నప్పుతుంది? బండి తిరగాలి కాబట్టి మధ్యలో స్తంభాలు ఉండవు. గేట్లు వెడల్పుగా ఉంటాయి. లోపల వెయ్యి మంది నిలబడినా ఊపిరాడుతుంది. వీటన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆ చోటుకు దారి ఎవరికీ చెప్పనక్కర్లేదు. హమాలీ వచ్చాడు, పెళ్లికూతురు వచ్చింది, ఉద్యోగం ఇంటర్వ్యూకు ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని కుర్రాడు వచ్చాడు. కొత్తగా కట్టిన ఏ సాంస్కృతిక భవనం గడప తొక్కాలన్నా జంకే మనిషి, బస్టాండులోకి మాత్రం తన ఇంట్లోకి నడిచినట్టు నడుస్తాడు. ఆ చొరవను డబ్బు పోసి కొనలేం. షెడ్డు పోయినా అది ఆ జాగాను అంటిపెట్టుకునే ఉంది.

బయటి ఊళ్ల కథలు చెప్పుకునేటప్పుడు మనం రంగులద్దిన ఫొటో చూసి ఆగిపోతాం. వెనకాల జరిగింది చూడాలి. గ్లాస్గోలో 1962లో ట్రాములు ఆగిపోయాయి. వాటి పాత షెడ్డు కొన్నాళ్లు రవాణా మ్యూజియం అయింది, 1987లో ఆ మ్యూజియం కూడా వేరే చోటికి వెళ్లిపోయింది. ఇక దానికి కాలం చెల్లినట్టే అనుకుంటుండగా, నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ తొమ్మిది గంటల మహాభారత నాటకానికి చోటు వెతుక్కుంటూ వచ్చి ఆ షెడ్డును ఎంచుకున్నాడు. 1988లో ప్రదర్శన జరిగింది. పాండవులూ కౌరవులూ వచ్చి స్కాట్లాండులో ఒక ట్రాము షెడ్డుకు ఊపిరి పోశారన్నమాట. ఆ తర్వాత అది కళాకేంద్రంగా స్థిరపడింది, పేరు కూడా ట్రామ్‌వే అనే పెట్టుకున్నారు. పెద్ద హాలు నేలలో ట్రాము పట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే ఆ షెడ్డును ఏంచేయాలో తేలింది కాగితం మీది ప్లానుతో కాదు. ముందు ఒక పని జరిగింది, జనం వచ్చారు, జనం వచ్చాక నగరం నిర్ణయించుకుంది.

ఆమ్‌స్టర్‌డామ్ దారి వేరు. అక్కడి డిపోను 1902 నుంచి 1928 దాకా విడతలు విడతలుగా కట్టారు. ట్రాములు వెళ్లిపోయాక ఏళ్ల తరబడి పాడుబడి ఉంది. బిల్డర్లు వేసిన పథకాలు ఒకదాని వెనక ఒకటి వీగిపోయాయి. చివరికి ఒక ఆర్కిటెక్టూ చుట్టుపక్కల వాళ్లూ కలిసి ఒక సంస్థగా ఏర్పడి బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 2014లో 'డె హాలెన్' పేరుతో తెరిచారు. అందులో లైబ్రరీ ఉంది, సైకిళ్లు బాగుచేసే వర్క్‌షాపు ఉంది. సినిమా హాలు, తిండి దుకాణాలు, హోటలు కూడా ఉన్నాయి. కిరాయి కట్టగలిగేవాళ్లు కడతారు, ఆ కిరాయి అండతో మిగతావి నిలబడతాయి. మా మేనకోడలు ఫొటోలో లైబ్రరీనే చూసింది. నేనైతే ఆ కిరాయి పుస్తకం చూడాలంటాను.

ఇక మన చిక్కుల్లో మొదటిది భూమి. బస్టాండు అందరిదీ అనుకుంటాం, కానీ ఆ జాగా ఆర్టీసీది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఏర్పడిన సంస్థ ఆర్టీసీ. దానికి దాని లెక్కలుంటాయి, అప్పులుంటాయి, జీతాల తారీఖులుంటాయి. టికెట్ డబ్బుతో బండి నడవడం కష్టమయ్యే కొద్దీ బస్టాండుల ముందు మడిగెలు లేచాయి, గోడలకు హోర్డింగులు ఎక్కాయి. ఊరి నడిబొడ్డున ఉన్న ప్రతి గజమూ ఆ సంస్థకు రేపటి ఆదాయమే. "ఊరందరి కోసం ఉచితంగా ఇచ్చెయ్యండి" అని సభలో మైకు పట్టుకుని అడగడం తేలిక. 2019లో 52 రోజులు సమ్మె చేసిన కార్మికుల ఇళ్లల్లో పొయ్యి వెలిగిందో లేదో చూసినవాళ్లు అలా అడగలేరు. నేనూ అడగను. జాగా ఆర్టీసీ పేరునే ఉండాలి, ఆర్టీసీకి ఎంతో కొంత రాబడి ఉండాలి, దానితోపాటే జనానికి చోటుండాలి. ఈ మూడూ కలిసి కుదరాలి. ఏ ఒక్కటి వదిలేసినా మొదటి ఏడాదిలోనే బేరం చెడుతుంది.

రెండోది చట్టం. హైదరాబాద్‌లో వారసత్వ కట్టడాలకు ఒకప్పుడు అండగా ఉన్నది పట్టణాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన. 2015 డిసెంబరులో దాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ ప్యాలెస్ చోట కొత్త అసెంబ్లీ కడతామని సర్కారు నిర్ణయిస్తే 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కాబట్టి చట్టానికి బలం లేదనలేం. కాకపోతే వారసత్వం అనగానే అందరి కళ్లూ కమాన్ల మీదికి, గచ్చుపని మీదికి పోతాయి. నవాబు ఉన్న ఇల్లయితే వారసత్వం. కండక్టరు కేక వేసిన రేకుల షెడ్డు వారసత్వమని నమ్మించడానికి చాలా కష్టపడాలి. ఇంకో సంగతి: చట్టం గోడను కాపాడుతుంది గానీ ఆ గోడల మధ్య ఏం జరగాలో చెప్పదు. జాబితాకెక్కి, తాళం పడి, లోపల గబ్బిలాలు తిరిగే భవనాలు ఈ ఊళ్లో మీరూ చూసే ఉంటారు.

మూడోది ఇనుము. రాతి కట్టడాన్ని పదేళ్లు పట్టించుకోకపోయినా నిలబడుతుంది. ఇనుప షెడ్డు అలా కాదు. రేకు మీద రేకు ఎక్కిన చోట నీరు నిలుస్తుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది. పావురాల రెట్ట తేమను పట్టి ఉంచి రేకును తినేస్తుంది. వాననీటి తూములు పూడుకుంటే నీళ్లన్నీ బోల్టుల మీదికే దిగుతాయి. వంపు షెడ్డుల్లో ఒక పట్టీ బరువును పక్క పట్టీ పంచుకుంటుంది. ఒక చోట పట్టు సడలితే ఆ భారం పక్కదాని మీద పడుతుంది. దీనికి మందు ఒక్కటే: ఏటా వానాకాలానికి ముందు మనిషి పైకెక్కి తూములు తీసి, బోల్టులు బిగించి, రంగు వెయ్యడం. అది చాలా చిన్న పని. ఫొటో తీసేంత పని కాదు. రిబ్బను కత్తిరించేంత పనీ కాదు. అందుకే దానికి బడ్జెట్‌లో గీత ఉండదు.

ఇక్కడి నుంచే అసలు ముడి మొదలవుతుంది. మా కాలనీలో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. కట్టినప్పుడు అందరం సంబరపడ్డాం. ఆడవాళ్లు కుట్టు నేర్చుకోవచ్చనీ, పిల్లలు క్యారమ్స్ ఆడుకోవచ్చనీ అనుకున్నాం. పోయిన ఎండాకాలం మధ్యాహ్నం నేను అటు వెళ్తే తలుపుకు తాళం వేలాడుతోంది. తుప్పు పట్టి, తాళంచెవి దూరే సందులో మట్టి నిండింది. కిటికీలోంచి చూస్తే ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పైదాని మీద ఎప్పటిదో పెళ్లి పందిరి గుడ్డ. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన చెప్పాడు: "ఫంక్షన్ ఉంటెనే తీస్తరు సార్. చెవి ఎవరి దగ్గరుందో సెప్పలేం. కరెంటు కూడ కట్ చేసిన్రు, బిల్లు ఎవ్వరు కట్టలె." తాళంచెవి, కరెంటు బిల్లు. కోట్ల రూపాయల పథకమైనా, కాలనీ హాలైనా ఈ రెండిటి దగ్గరే ఆగుతుంది. ఏ జాగా గురించి విన్నా ఇప్పుడు నేను మొదట అడిగేది ఇదే: తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది?

ఈ ఊళ్లోనే ఈ ప్రశ్నకు జవాబు దొరికిన చోట్లు ఉన్నాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. 2010లో ఒక కుటుంబం తమ ఇంటినే జనానికి తెరిచింది. రాతి గోడల మధ్య, చెట్టు కింద నాటకం జరుగుతుంది, ముషాయిరా జరుగుతుంది, ఇంకో మూల నలుగురు చాయ్ తాగుతూ గంటలకొద్దీ మాట్లాడుకుంటుంటారు. ఏదైనా కొంటేనే కూర్చోనిస్తామని ఎవరూ అనరు. అయితే అది ఇంటివాళ్ల మనసు మీద నిలిచిన చోటు. అంత పెద్ద మనసును ప్రభుత్వ ఫైలులో రాయించలేం. బన్సీలాల్‌పేట మెట్లబావి ఇంకో దారి. 17వ శతాబ్దపు బావి చెత్తతో పూడిపోతే నగరపాలక సంస్థా ఒక స్వచ్ఛంద బృందమూ కలిసి తవ్వితీసి, 2022 డిసెంబరులో తెరిచాయి. మొజంజాహీ మార్కెట్ నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ. 1935 నాటి ఆ మార్కెట్‌ను 2020లో బాగుచేశారు, అంతకుముందు వాహనాలతో కిక్కిరిసిన ముంగిట జనం నిలబడే వీలు కల్పించారు. ముఖ్యమైన విషయం, లోపలి వ్యాపారాలను పంపెయ్యలేదు. పండ్ల కొట్లు ఉన్నాయి, ఐస్‌క్రీమ్ కొట్లు ఉన్నాయి. పొద్దున షట్టరు ఎత్తేవాడు ఉన్నంతకాలం ఆ భవనానికి కాపలా ఉన్నట్టే.

కలకత్తా గరియాహట్ డిపోలో 2020లో ట్రామ్ వరల్డ్ అని తెరిచారు. పాత ట్రాము పెట్టెల్ని అలంకరించి చూపుతారు. మంచి ప్రయత్నమే. కానీ మ్యూజియం ఎక్కువమందికి ఏడాదికి ఒకసారి వెళ్లే చోటు. గౌలిగూడకు కావలసింది రోజూ వెళ్లే చోటు.

ఎవరు వెళ్తారు? ఇదే అందరూ దాటేసే ప్రశ్న. డిజైన్ బొమ్మల్లో ఎప్పుడూ ల్యాప్‌టాప్ పెట్టుకున్న కుర్రవాళ్లూ, బెలూన్ పట్టుకున్న పాపా ఉంటారు. గౌలిగూడ చుట్టూ ఒకసారి నడవండి. కూతవేటు దూరంలో ఉస్మానియా ఆస్పత్రి. అందులో పేషెంటుకు మంచం దొరుకుతుంది. వెంట వచ్చిన తల్లికో తమ్ముడికో దొరికేది వరండాలో, చెట్టు కింద దుప్పటి పరుచుకునేంత చోటు. 1891లో మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉంది, అక్కడ గ్రూప్స్‌కు చదివే పిల్లలు చోటు చాలక మెట్ల మీద, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. బేగంబజారులో బరువులు మోసే హమాలీలకు మధ్యాహ్నం సద్ది విప్పి తినడానికి నీడ కావాలి. ఇమ్లీబన్‌లో బస్సు కోసం మూడు గంటలు ఆగే వాళ్లున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లెల నుంచి ఒంటరిగా బయలుదేరే ఆడవాళ్లు ఎంత పెరిగారో ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడినా తెలుస్తుంది. చంటిబిడ్డకు పాలివ్వడానికి గది, నీళ్లొచ్చే టాయిలెట్, ఫోను చార్జింగు, భయపడకుండా కూర్చునే బెంచీ. వాళ్ల లెక్కలో కమ్యూనిటీ స్పేస్ అంటే ఇదే. ఇవన్నీ ఉన్న తర్వాత సాయంత్రం ఒగ్గుకథ చెప్పించండి, పిల్లలతో బొమ్మలు గీయించండి, నేనే ముందు వరసలో కూర్చుంటాను.

మూసీని కూడా మరవకూడదు. 1908 సెప్టెంబరు వరద ఈ ఒడ్డుల్నే ముంచింది. 2025 సెప్టెంబరు చివర్లో మళ్లీ ఇమ్లీబన్‌లోకి నీళ్లొచ్చి రాత్రిపూట ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ చుట్టుపక్కల ఏం కట్టినా నేల మట్టానికి నీళ్లొస్తే పాడయ్యే సామాను పైన పెట్టాలి, జనం ఎక్కి నిలబడే ఎత్తయిన అరుగు ఉండాలి. ఇది తర్వాత కలుపుకునే హంగు కాదు, పునాదిలోనే ఆలోచించాల్సింది.

అయితే ఏం చేయాలంటావు మామా, అంది మా పిల్ల. కూలిన షెడ్డుకు నకలు కట్టొద్దన్నాను. విమానం షెడ్డు రూపంలో కొత్త కాంక్రీటు పోస్తే అది వేషమే అవుతుంది. రోడ్డు వైపు కొన్ని మడిగెలు, బండ్ల పార్కింగు. వాటి కిరాయిలో ఇంత వాటా హాలు నిర్వహణకని ఒప్పందంలోనే రాయాలి, ఆ డబ్బు వేరే ఖాతాలో పడాలి. భూమి ఆర్టీసీది, పారిశుధ్యం నగరపాలక సంస్థది, తాళంచెవి స్థానిక కమిటీది. ఆ కమిటీలో ఆటో అడ్డా మనిషి, హమాలీ సంఘం మనిషి, లైబ్రరీకి వచ్చే విద్యార్థి, బస్తీ ఆడవాళ్లు ఉండాలి. ఒప్పందానికి గడువూ రాయాలి, ఎవరు తప్పితే ఎవరు అడగాలో కూడా రాయాలి. మొత్తం ఒకేసారి కట్టక్కర్లేదు. గ్లాస్గోలో జరిగినట్టు ముందు ఒక మూలన పని మొదలుపెట్టాలి: పందిరి వేసి, బెంచీలు వేసి, నల్లా పెట్టి ఆరు నెలలు నడిపి చూస్తే జనం ఏ వేళకు వస్తారో, ఏమడుగుతారో తెలుస్తుంది. ప్లాను ఆ తర్వాత గీయొచ్చు. ఆ నేల మీద పాత ప్లాట్‌ఫారం నంబర్లు రంగుతో రాసి ఉంచితే బాగుంటుందని కూడా అన్నాను. అంతకుమించి స్మారకం అక్కర్లేదు.

తను కాగితం తీసి గీయడం మొదలుపెట్టింది. హాలు, బెంచీలు, నల్లా, పాలిచ్చే గది. మూలన వేళలు రాసింది: ఉదయం 9 నుంచి రాత్రి 9. ఆస్పత్రిలో ఉన్న మనిషి కోసం వచ్చినవాళ్లకు చోటు కావలసింది రాత్రి తొమ్మిది తర్వాతే కదమ్మా అన్నాను. కాసేపు చూసి దాన్ని కొట్టేసి "రాత్రంతా" అని రాసింది. అలాగైతే వాచ్‌మన్‌లు మూడు షిఫ్టులకు కావాలి, ఊడ్చేవాళ్లు రెండు పూటలకు కావాలి, రాత్రి లైట్లకు యూనిట్లు లెక్కెయ్యాలి. ఇప్పుడు ఆ బొమ్మ పక్కన పెట్టి, ఎన్ని మడిగెల కిరాయి వస్తే ఆ జీతాలు, ఆ బిల్లు వెళ్తాయో లెక్క వేస్తోంది.